వెయ్యి గజాల గురి: దూరశ్రేణి రైఫిల్ పోటీకి తొలిసారి సిద్ధమయ్యేవారికి

షూటింగ్ క్రీడ అనగానే తెలుగు పాఠకుల మనసులో మెదిలేది ఎయిర్ రైఫిల్ విభాగమే. 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో అభినవ్ బింద్రా స్వర్ణ పతకాన్ని, 2012లో లండన్‌లో హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ కాంస్య పతకాన్ని సాధించినది పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే అన్న విషయం విదితమే. నాలుగు గోడల నడుమ, గాలి సోకని హాలులో సాగే ఆ పోటీకి పూర్తిగా భిన్నమైన మరొక శాఖ ఈ క్రీడలో ఉన్నది. ఆరుబయట, పచ్చిక నేలపై బోర్లా పడుకొని, మూడు వందల గజాలు మొదలుకొని వెయ్యి గజాల వరకు దూరాన నిలిపిన లక్ష్యాన్ని టెలిస్కోపు అమర్చని రైఫిల్‌తో ఛేదించే ఈ శాఖను 'టార్గెట్ రైఫిల్' అనీ, 'ఫుల్‌బోర్' అనీ వ్యవహరిస్తారు. వెయ్యి గజాలంటే తొమ్మిది వందల మీటర్లకు పైమాటే. ఊరి చివర చెరువు గట్టుపై నిలబడి ఆవలి గట్టున ఉన్న మనిషిని పోల్చుకోవడమే కష్టమయ్యే దూరం.

బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, కెనడా, దక్షిణాఫ్రికా, అమెరికా దేశాల్లో ఈ క్రీడకు క్లబ్బులు, పోటీలు ఉన్నాయి. ఆయా దేశాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాల యువతీ యువకులకు విశ్వవిద్యాలయ క్లబ్బుల ద్వారా ఈ క్రీడ పరిచయమయ్యే అవకాశమున్నది. తొలి పోటీకి పేరు నమోదు చేసుకున్నవారు తెలుసుకోదగిన విషయాలను, ఈ క్రీడకు కేంద్రస్థానమైన బిస్లీని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసంలో పొందుపరచడమైనది.

బిస్లీ నేపథ్యం

బ్రిటన్ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ తొలి పోటీలు 1860 జూలైలో లండన్ సమీపంలోని వింబుల్డన్ మైదానంలో జరిగాయి. విక్టోరియా రాణి తొలి గుండును పేల్చి పోటీలను ప్రారంభించారు. ఆమె రైఫిల్‌ను భుజానికెత్తుకోలేదు. ముందుగానే గురి చూసి స్టాండుకు బిగించిన విట్‌వర్త్ రైఫిల్ ట్రిగ్గర్‌కు కట్టిన పట్టుదారాన్ని లాగారు. నగరం విస్తరించి మైదానం ఇరుకైన కారణంగా 1890లో పోటీలను సర్రే కౌంటీలోని బిస్లీకి తరలించారు. నాటి నుంచి ఏటా జూలై మాసంలో 'ఇంపీరియల్ మీటింగ్' పేరిట అక్కడ పోటీలు జరుగుతున్నాయి. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో వీటికి అంతరాయం కలిగింది. ప్రధాన బహుమతిని పాలకుని బట్టి 'క్వీన్స్ ప్రైజ్' లేదా 'కింగ్స్ ప్రైజ్' అంటారు. ప్రస్తుతం అది కింగ్స్ ప్రైజ్. విజేతను కుర్చీలో కూర్చోబెట్టి భుజాలపై మోసుకొని ఊరేగించడం ఆనవాయితీ. 1930లో మార్జొరీ ఫాస్టర్ 300 పాయింట్లకు 280 సాధించి, ఈ బహుమతి గెలుచుకొన్న తొలి మహిళగా చరిత్రకెక్కారు. రెండవ స్థానంలో నిలిచిన సైనికాధికారికీ ఆమెకూ తేడా ఒక్క పాయింటు మాత్రమే.

భారతదేశానికి కూడా బిస్లీతో పాత సంబంధమే ఉన్నది. కామన్వెల్త్ దేశాల జట్లు 300, 500, 600 గజాల దూరాల్లో తలపడే 'కోలాపూర్ కప్' మన కొల్హాపూర్ రాజు పేరిట 1871లో నెలకొన్నది. ఆంగ్లేయుల నోట కొల్హాపూర్ కోలాపూర్ అయి, ఆ అక్షరక్రమమే స్థిరపడిపోయింది. 1870లో ఇంగ్లండ్‌లో పర్యటించిన యువ రాజు రాజారాం తిరుగు ప్రయాణంలో ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరంలో మరణించారు. 2010లో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల సందర్భంగా ఫుల్‌బోర్ పోటీలను గుర్గావ్ సమీపంలోని కాదర్‌పూర్ సి.ఆర్.పి.ఎఫ్. శిబిరంలో నిర్వహించారు. ఇంగ్లండ్‌కు చెందిన పరాగ్ పటేల్ అక్కడ వ్యక్తిగత, జంట విభాగాలు రెండింటిలోనూ స్వర్ణాలు గెలిచారు. 2018 గోల్డ్‌కోస్ట్ క్రీడల తరువాత, 2022 బర్మింగ్‌హామ్ క్రీడల్లో షూటింగ్‌కు చోటు దక్కలేదు. ఫలితంగా ఈ క్రీడను మన టీవీ తెరపై చూసే కొద్దిపాటి అవకాశమూ పోయింది.

పోటీ స్వరూపం

బిస్లీలో 'సెంచురీ' అనే రేంజిపై 300, 500, 600 గజాల పోటీలు, 'స్టికిల్‌డౌన్' అనే రేంజిపై 900, 1000 గజాల పోటీలు జరుగుతాయి. పోటీదారు నిర్ణీత దూరంలో చాపపై పడుకుంటాడు. రైఫిల్‌కు ఆధారం అతని రెండు చేతులు, చేతికి రైఫిల్‌ను బిగించి ఉంచే తోలు పట్టీ మాత్రమే. ఈ పట్టీని 'స్లింగ్' అంటారు. ఇసుక సంచి గానీ, స్టాండు గానీ వాడరాదు. గురి చూసేందుకు వెనుక ఒక చిన్న రంధ్రం, ముందు ఒక వలయం ఉంటాయి. దూరాన ఉన్న నల్లని గుండ్రని మచ్చను ఆ వలయం మధ్యలో నిలపాలి. మధ్య భాగంలో తగిలిన గుండుకు 5 పాయింట్లు, అక్కడి నుంచి బయటికి వెళ్లేకొద్దీ 4, 3, 2, 1 చొప్పున లభిస్తాయి. అయిదు పాయింట్ల వలయం లోపల మరింత చిన్న వలయం 'వి-బుల్'. దానికీ 5 పాయింట్లే. అయితే స్కోర్లు సమానమైనప్పుడు ఎవరికి వి-బుల్‌లు ఎక్కువ ఉంటే వారిదే పైచేయి. ఆ కారణంగా స్కోరును 48.5 వంటి రూపంలో వ్రాస్తారు. అనగా 48 పాయింట్లు, అయిదు వి-బుల్‌లు అని అర్థం. దీనిని దశాంశంగా భ్రమించి పత్రికలకు పంపిన ప్రకటనలు లేకపోలేదు.

లెక్కించే గుండ్లకు ముందుగా రెండు పరీక్షా గుండ్లు పేల్చుకొనే వీలుంటుంది. తరువాత పోటీని బట్టి 7, 10 లేదా 15 గుండ్లు. సాధారణంగా ఒకే లక్ష్యంపై ఇద్దరు లేదా ముగ్గురు పోటీదారులు వంతులవారీగా పేలుస్తారు. తన వంతు వచ్చిన తరువాత ప్రతి గుండుకూ బిస్లీలో లభించే వ్యవధి 45 సెకన్లు. లక్ష్యాల దిగువన, మట్టికట్ట చాటున గల గోతిలో ఉండే సిబ్బంది లక్ష్యాన్ని కిందికి దించి, గుండు పడిన చోట ఒక బిళ్లను గుచ్చి, తిరిగి పైకి లేపుతారు. దూరదర్శినిలో ఆ బిళ్లను చూసుకొని పోటీదారు తన తరువాతి గుండుకు సవరణ చేసుకుంటాడు.

వెయ్యి గజాల వద్ద అయిదు పాయింట్ల వలయం అడ్డుకొలత రెండు అడుగులకు మించదు. ఈ ఒక్క సంఖ్యను పాఠకులు గుర్తుంచుకుంటే తరువాత చెప్పబోయే విషయాలన్నీ సులభంగా బోధపడతాయి.

రైఫిల్, తూటాలు

తొలి పోటీకి కొత్త రైఫిల్ కొనవలసిన అవసరం ఎంతమాత్రమూ లేదు. క్లబ్బు రైఫిల్ చాలు. బ్రిటన్‌లో పోలీసు శాఖ జారీచేసే ఫైర్‌ఆర్మ్ సర్టిఫికెట్ లేనిదే సొంత రైఫిల్ కలిగివుండడం నేరం. ఆమోదిత క్లబ్బులో చేరి, కనీసం మూడు మాసాల ప్రొబేషన్ పూర్తిచేసిన తరువాతనే పూర్తి సభ్యత్వం లభిస్తుంది. ఈ కాలాన్ని ఆటంకంగా భావించక, క్లబ్బు రైఫిళ్లలో తన శరీరానికి నప్పేది ఏదో తెలుసుకొనేందుకు వినియోగించుకోవడం మంచిది. పొడవాటి చేతులు గలవారికి, పొట్టి మెడ గలవారికి ఒకే కొలత కుదరదు. చెంప సహజంగా ఆనినప్పుడు కన్ను వెనుక రంధ్రానికి సూటిగా రావాలి. మెడను సాగదీసి చూడవలసి వస్తే ఆ రైఫిల్ ఆ వ్యక్తికి సరిపడనట్లే.

ఈ పోటీల్లో ప్రధానంగా వాడేది 7.62 మి.మీ. శ్రేణి తూటా. దానినే .308 వించెస్టర్ అని కూడా అంటారు. గుండు బరువు 155 గ్రెయిన్లు, అనగా దాదాపు 10 గ్రాములు. ఇంపీరియల్ మీటింగ్ టార్గెట్ రైఫిల్ పోటీల్లో నిర్వాహకులు అందజేసే తూటాలనే అందరూ వాడాలి. ధనవంతునికీ, విద్యార్థికీ ఒకే తూటా. ఈ క్రీడలో ఈ వ్యాసకర్తకు మిక్కిలి నచ్చిన నియమం ఇదే. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. క్లబ్బులో వేరొక రకం తూటాలతో అభ్యాసం చేసి వ్రాసుకొన్న లెక్కలు పోటీ తూటాలకు యథాతథంగా వర్తించకపోవచ్చును. అందువల్ల వీలైతే పోటీకి ముందు అదే రకం తూటాలతో ఒక్కసారైనా అభ్యాసం చేయాలి. వీలు కాకపోతే పరీక్షా గుండ్లు రెండింటినీ ఎత్తు సరిచూసుకొనేందుకే కేటాయించాలి.

పోటీకి వారం రోజుల ముందు రైఫిల్‌లో ఏ భాగాన్నీ మార్చకూడదు. సైట్ల మరలు, చెక్కబాడీని బిగించే మరలు వదులయ్యాయేమో మాత్రం చూడాలి. శుభ్రపరచిన తరువాత గొట్టంలో నూనె మిగిలితే తొలి గుండు ఎటు పోతుందో చెప్పలేము. అంతేగాక అది ప్రమాదకరం కూడా. బయలుదేరే ముందు పొడిగుడ్డతో గొట్టాన్ని తుడవడం తప్పనిసరి.

ఎత్తు లెక్క

గొట్టం నుంచి వెలువడేటప్పుడు ఈ గుండు వేగం సెకనుకు దాదాపు 900 మీటర్లు. వెయ్యి గజాలు చేరేసరికి అది ధ్వని వేగానికి కాస్త ఎగువన మాత్రమే మిగులుతుంది. ప్రయాణ కాలం సుమారు ఒకటిన్నర సెకను. ఆ వ్యవధిలో భూమ్యాకర్షణ తన పని తాను చేస్తుంది. అందువల్ల దూరం పెరిగేకొద్దీ వెనుక సైటును పైకి లేపాలి. దీనిని 'నిమిషాల'లో కొలుస్తారు. కోణంలో ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే వచ్చేది ఒక నిమిషం. వంద గజాల వద్ద అది దాదాపు ఒక అంగుళం, వెయ్యి గజాల వద్ద పదిన్నర అంగుళాలు. 300 గజాల నుంచి 1000 గజాలకు మారినప్పుడు సైటును పాతిక నిమిషాలకు పైగా లేపవలసి ఉంటుంది. అలా లేపడం మరచి పేల్చినట్లయితే గుండు లక్ష్యానికి ఇరవై అడుగులకు పైగా దిగువన, మట్టిలో పడుతుంది.

ఇది ఊహాజనితమైన హెచ్చరిక కాదు. ఉదయం సెంచురీపై 600 గజాలు పేల్చి, మధ్యాహ్నం స్టికిల్‌డౌన్‌కు పరుగుపరుగున చేరిన కొత్తవారు చేసే పొరపాట్లలో ఇది ముందు వరుసలోనిది. నివారణ సులభం. ప్రతి దూరానికీ సైటు అంకెను ఒక చిన్న పుస్తకంలో వ్రాసుకొని, చాపపై పడుకోగానే మొట్టమొదట దానిని చూసి సైటును అమర్చాలి. తరువాత మరొకసారి చూడాలి. అభ్యాసంలో ఏ దూరంలో పేల్చకుండా పోటీకి వచ్చారో, ఆ దూరపు అంకెను అదే తరహా రైఫిల్ వాడే సీనియర్‌ను అడిగి తెలుసుకోవడంలో సిగ్గుపడనవసరం లేదు. ఈ క్రీడలో అడిగినవారికి చెప్పని పోటీదారు అరుదు.

గాలి

దూరశ్రేణి పోటీలో గెలుపోటములను నిర్ణయించేది గాలి. మిగిలినవన్నీ ఇంటి వద్ద నేర్చుకోదగినవే. గాలిని మాత్రం రేంజిపైనే నేర్వాలి.

గంటకు పది మైళ్ల వేగంతో అడ్డంగా వీచే గాలి, పైన పేర్కొన్న గుండును 300 గజాల వద్ద సుమారు 7 అంగుళాలు, 600 గజాల వద్ద దాదాపు రెండున్నర అడుగులు, 1000 గజాల వద్ద దాదాపు ఎనిమిది అడుగులు పక్కకు నెడుతుంది. దూరం మూడింతలకు కాస్త పైన పెరిగితే జరుగుబాటు పన్నెండింతలు దాటుతున్నది. గుండు వేగం తగ్గేకొద్దీ గాలికి అది మరింత లొంగిపోవడమే ఇందుకు కారణం. రెండు అడుగుల వలయాన్ని ఇప్పుడు గుర్తుచేసుకోవాలి. గురి అణుమాత్రం చెదరకపోయినా, వెయ్యి గజాల వద్ద గాలి అంచనాలో గంటకు రెండు మైళ్ల తేడా వస్తే అయిదు పాయింట్లు నాలుగవుతాయి. గంటకు రెండు మైళ్ల తేడా అంటే చెంపకు తెలిసీ తెలియనంత.

ద్రోణుడు పెట్టిన పరీక్షలో అర్జునునికి పక్షి కన్ను తప్ప మరేదీ కనిపించలేదని మనం చిన్ననాటి నుంచి వింటున్నాము. ఏకాగ్రతకు ఆ కథ ఆదర్శమే గానీ, ఈ క్రీడకు అది సగమే వర్తిస్తుంది. ట్రిగ్గర్ నొక్కే క్షణంలో నల్లని మచ్చ ఒక్కటే కనబడాలి. దానికి పది సెకన్ల ముందు మాత్రం జెండాలు, చెట్ల కొమ్మలు, గడ్డి, ఎండమావి అన్నీ కనబడాలి. రేంజి పొడవునా పాతిన జెండాలు గాలి దిశనూ, బలాన్నీ తెలుపుతాయి. జెండా ఎంత పైకి లేస్తే గాలి అంత బలంగా ఉన్నట్లు. జెండా తడిస్తే బరువెక్కి, ఉన్న గాలిని తక్కువ చేసి చూపుతుంది. వర్షంలో పోటీపడే కొత్తవారిని ఇది తరచు మోసగిస్తుంది.

దిశను కూడా లెక్కలోనికి తీసుకోవాలి. సరిగ్గా అడ్డంగా వీచే గాలికి పూర్తి విలువ. రేంజి రేఖకు ముప్పై డిగ్రీల కోణంలో వీచే గాలికి సగం విలువ. ఎదురుగా గానీ, వెనుక నుంచి గానీ వీచే గాలి పక్కకు నెట్టదు కదా అని ఊరట చెందరాదు. నిజానికి అనుభవజ్ఞులు భయపడేది దానికే. అలాంటి గాలి కాస్త ఇటు ఒరిగితే గుండు ఎడమకు, అటు ఒరిగితే కుడికి పోతుంది. స్థిరంగా వీచే బలమైన అడ్డగాలి కన్నా ఊగిసలాడే మంద మారుతమే ఎక్కువ పాయింట్లు హరిస్తుంది.

ఎండ కాసే రోజుల్లో జెండా కన్నా నమ్మకమైన సాక్షి ఎండమావి. వేసవిలో తారు రోడ్డుపై నీటి అలల వలె కనిపించే దృశ్యం మనందరికీ సుపరిచితమే. దూరదర్శినిని లక్ష్యానికి కొంత ఇవతల స్పష్టంగా ఉండేలా అమర్చితే, ఆ అలలు వరిచేనిపై గాలి కెరటాల వలె ఒక వైపునకు పారుతూ కనిపిస్తాయి. గాలి పెరిగేకొద్దీ అలలు చదునవుతాయి. గాలి బాగా బలపడితే కనిపించడం మానేస్తాయి. అలలు పక్కకు పారక, పొయ్యిమీది ఎసరు వలె నిట్టనిలువునా మరుగుతున్నట్లు కనిపిస్తే, అడ్డగాలి లేదని గానీ, గాలి దిశ మారబోతున్నదని గానీ గ్రహించాలి. ఆ క్షణంలో పేల్చకుండా ఆగడమే ఉత్తమం. 45 సెకన్లు తక్కువ సమయమేమీ కాదు.

కొత్తవారికి ఆచరణయోగ్యమైన పద్ధతి ఒకటున్నది. పేల్చడం మొదలుపెట్టక ముందు పది నిమిషాల పాటు జెండాలను గమనించి, ఈ రోజు గాలి ఎంత తక్కువకు దిగుతున్నది, ఎంత ఎక్కువకు పోతున్నది అన్న రెండు హద్దులను నిమిషాలలో వ్రాసుకోవాలి. ఉదాహరణకు ఎడమ నుంచి మూడు, ఎడమ నుంచి ఏడు. ఇక పోటీ మధ్యలో ఎంత కంగారు పుట్టినా ఆ హద్దులు దాటి సైటును తిప్పకూడదు. ఒక గుండు తప్పిపోగానే మొత్తం తేడాను సైటుపై సరిదిద్దేయడం, మరుక్షణం గాలి మునుపటి స్థితికి రాగా రెండవ వైపునకు తప్పడం సర్వసాధారణం. ప్రతి గుండు పడిన చోటునూ, అప్పటి సైటు అంకెనూ చిత్రపటంపై గుర్తించుకొంటూ పోతే, తప్పు చేతిదా, గాలిదా అన్నది అయిదారు గుండ్లకే తేటతెల్లమవుతుంది.

ఇంటి వద్ద సాధన

తొలి పోటీకి ముందు రెండు మాసాల పాటు రోజుకు ఇరవై నిమిషాలు ఖాళీ రైఫిల్‌తో సాధన చేయడం, ఆదివారం నాడు ఇరవై గుండ్లు కాల్చడం కన్నా మేలు చేస్తుంది. రైఫిల్ ఖాళీగా ఉన్నదని రెండుసార్లు చూసుకొని, తూటాలను వేరొక గదిలో తాళం వేసి ఉంచి, క్లబ్బు శిక్షకుడు చూపిన విధంగా మాత్రమే ఈ సాధన చేయాలి. పడుకొని, స్లింగ్ బిగించి, గురి చూసి, కళ్లు మూసుకొని రెండు శ్వాసలు తీసి తెరవాలి. మచ్చ వలయంలోనే ఉంటే శరీరం సరైన దిశలో ఉన్నట్లు. పక్కకు జరిగి ఉంటే చేతులతో రైఫిల్‌ను లాగి సరిచేయకూడదు. మోచేతిని ఆధారంగా ఉంచి తుంటిని జరపాలి. బలవంతంగా లాగి నిలిపిన రైఫిల్, గుండు వెలువడే క్షణంలో తన సహజ స్థానానికి తిరిగి పోతుంది.

పదిహేను గుండ్ల పోటీలో వంతులవారీగా పేల్చినప్పుడు ముప్పావుగంట వరకు స్లింగ్ బిగించుకొని పడుకోవలసి రావచ్చును. అలవాటు లేనివారికి ఎడమచేయి తిమ్మిరెక్కుతుంది, మెడ పట్టేస్తుంది. ఆ వ్యవధి వరకు పడుకొనే ఓర్పును ఇంటి వద్దనే సంపాదించుకోవాలి. పోటీనాటి ఉదయం కాఫీ, టీల మోతాదు మించితే గుండె వేగం వలయంలో కనిపిస్తుంది.

పక్కవాని లక్ష్యం

ఈ వ్యాసకర్త డిగ్రీ చదివే రోజుల్లో ఎన్.సి.సి. శిబిరంలో .22 రైఫిల్‌తో పాతిక గజాల దూరంలో అయిదు గుండ్లు పేల్చడం జరిగింది. కాగితం తెచ్చి చూపగా దానిపై ఒక్క రంధ్రమూ లేదు. పక్క కేడెట్ కాగితంపై మాత్రం పది రంధ్రాలు! హవల్దారు గారు ఏమన్నారో ఈ వ్యాసంలో వ్రాయదగినది కాదు. పాతిక గజాలలోనే అలా జరిగినప్పుడు, వంద లక్ష్యాలు ఒకదాని పక్కన ఒకటి నిలబడివుండే సెంచురీ రేంజిపై జరగడంలో వింత లేదు. ఎంత బాగా తగిలినా పక్కవాని లక్ష్యంపై పేల్చిన గుండుకు సున్నాయే. గాలి కోసం వేచి చూసి, ఆగి, తిరిగి గురి చూసినప్పుడే ఈ పొరపాటు ఎక్కువగా దొర్లుతుంది. ప్రతి గుండుకూ ముందు లక్ష్యం అంకెను పెదవులు కదిలేలా చదువుకొనే అలవాటు ఉన్న పెద్ద షూటర్లు ఉన్నారంటే దీని ప్రాధాన్యం గ్రహించవచ్చును.

స్కోరు వ్రాసే బాధ్యత

కొత్తవారు ఏమాత్రం ఊహించని బాధ్యత ఇది. ఒకే లక్ష్యంపై పేల్చేవారు ఒకరి స్కోరును మరొకరు వ్రాయాలి. లక్ష్యం పైకి రాగానే దూరదర్శినిలో చూసి, విలువను బిగ్గరగా చదివి, కార్డుపై నమోదు చేసి, చివరగా మొత్తం వేసి సంతకం చేయాలి. తన గుండు గురించిన ఆలోచనలో పడి ఎదుటివారి స్కోరు తప్పు వ్రాస్తే అది వారికి పతకాన్ని దూరం చేయవచ్చును. పత్రికా ప్రకటన పంపే ముందు అంకెలను మరొకసారి కూడి చూడడం మా వృత్తిలో అలవాటు. ఇక్కడ కూడా అదే అవసరం. క్లబ్బు అభ్యాసాల్లోనే ఈ పనిని రెండు మూడు సార్లు చేసి ఉంటే పోటీనాడు తడబాటు ఉండదు.

పేల్చిన తరువాత లక్ష్యం కిందికి దిగకపోతే కంగారుపడి మరొక గుండు పేల్చరాదు. గోతిలోని సిబ్బంది గుండు శబ్దాన్ని విని లక్ష్యాన్ని దించుతారు. వేగం తగ్గిన గుండు శబ్దం, పక్క లక్ష్యాల శబ్దాలలో కలిసిపోవడం సహజం. రేంజి అధికారికి తెలియజేస్తే ఆయన లక్ష్యాన్ని పరిశీలింపజేస్తారు.

భద్రత

భద్రతా నియమాలను ఇక్కడ కొత్తగా చెప్పవలసిన పని లేదు. క్లబ్బు శిక్షణలో అవి పూర్తిగా నేర్చిన తరువాతనే పోటీకి అనుమతి లభిస్తుంది. పేల్చే రేఖపై ఆజ్ఞ వచ్చేవరకు బోల్ట్ తెరిచే ఉండాలి. గొట్టం ఎల్లవేళలా లక్ష్యం వైపే ఉండాలి. ఆపమన్న కేక ఎవరి నోట వినిపించినా, అది అధికారిదా, ప్రేక్షకునిదా అని విచారించక తక్షణమే ఆగాలి. వంతు ముగియగానే గదిలో తూటా లేదని అధికారికి చూపించిన తరువాతనే లేవాలి. పేలుడు శబ్దం చెవులకు శాశ్వత హాని చేయగలదు. పేల్చేవారే గాక, వెనుక నిలబడి చూసే తల్లిదండ్రులు కూడా చెవులకు రక్షణ ధరించాలి. ఈ చివరి విషయాన్ని మన కుటుంబాలు తరచు విస్మరిస్తాయి.

స్వరాష్ట్రంలో ఉన్నవారికి

భారతదేశంలో వెయ్యి గజాల టార్గెట్ రైఫిల్ సాధారణ పౌరునికి అందుబాటులో ఉన్న క్రీడ కాదు. 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం సైనిక అవసరాలకు ఉద్దేశించిన కాలిబర్లు సాధారణంగా నిషేధిత శ్రేణిలోకి వస్తాయి. పెద్ద కాలిబరు విభాగంలో మన దేశంలో జరిగేవి ప్రధానంగా 300 మీటర్ల పోటీలు. వాటిలో సైనిక, పోలీసు దళాల క్రీడాకారులదే ఆధిక్యం. అంతమాత్రాన నిరాశ అవసరం లేదు. బోర్లా పడుకొని స్లింగ్‌తో .22 రైఫిల్ పేల్చే 50 మీటర్ల ప్రోన్ పోటీ ఈ క్రీడకు అతి సమీప బంధువు. భంగిమ, శ్వాస, ట్రిగ్గర్ అదుపు రెండింటికీ ఒకటే. ఆరుబయట రేంజిలో అయితే గాలి పాఠం కూడా కొంత లభిస్తుంది. 1951లో ఏర్పాటైన భారత జాతీయ రైఫిల్ సంఘానికి అనుబంధంగా ఉన్న రాష్ట్ర సంఘాలు, ఎన్.సి.సి. విభాగాలు దీనికి ప్రవేశ ద్వారాలు. లోక్‌సభ తొలి స్పీకర్ జి.వి. మావలంకర్ ఈ జాతీయ సంఘానికి తొలి అధ్యక్షులు కావడం, ఆయన పేరిట నేటికీ పోటీలు జరుగుతుండడం విశేషం. 4.5 మి.మీ. మించని కాలిబరుతో, 20 జౌళ్లకు లోబడిన శక్తి గల ఎయిర్ రైఫిల్‌కు 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం లైసెన్సు అవసరం లేదు గనుక, పిల్లలకు తొలి మెట్టు అదే.

పోటీనాడు

పోటీదారుకు అందే కార్డులో రేంజి, దూరం, లక్ష్యం అంకె, సమయం ఉంటాయి. దానిని ముందు రాత్రే చదివి, బిస్లీ వంటి విశాల ప్రాంగణంలో ఆ చోటు ఎక్కడున్నదో నడిచి చూసి రావడం మేలు. సమయానికి అరగంట ముందే పేల్చే రేఖ వెనుక ఉండాలి. చాప, జాకెట్టు, చేతితొడుగు, స్లింగ్, చెవి రక్షణ, దూరదర్శిని, సైటు పుస్తకం, రెండు పెన్సిళ్లు, మంచినీరు చాలు. పెన్సిలే ఎందుకంటే తడిసిన కాగితంపై పెన్ను వ్రాయదు. ఇంగ్లండ్ జూలైని మన జూలైలాగా నమ్మడానికి లేదు. ఒకే రోజున ఎండ, చినుకు, చలిగాలి మూడూ కాచుకొని ఉంటాయి.

ఎంత స్కోరు ఆశించవచ్చునన్నది అందరూ అడిగే ప్రశ్న. 300 గజాల వద్ద పది గుండ్లకు 45 దాటితే తొలి ప్రయత్నానికి అది గౌరవప్రదమే. వెయ్యి గజాల వద్ద పది గుండ్లూ లక్ష్యం బోర్డుపై ఉంటే సంతోషించదగినదే. అక్కడ ఒకటి, రెండు సున్నాలు వచ్చినంత మాత్రాన సైటును ఇష్టానుసారం తిప్పకుండా, పుస్తకంలోని అంకెకు తిరిగి వచ్చి మళ్లీ మొదలుపెట్టినవారే చివరి అయిదు గుండ్లను నిలబెట్టుకోగలుగుతారు.

వంతు ముగిసిన తరువాత కార్డుపై మొత్తాన్ని సరిచూసి సంతకం చేయాలి. లేచిన వెంటనే, కబుర్లలో పడక ముందే, ఆనాటి దూరం, సైటు ఎత్తు, గాలి అంకె, వెలుతురు, తూటా రకం పుస్తకంలో వ్రాసుకోవాలి. గొట్టం వేడి పూర్తిగా చల్లారక ముందే శుభ్రపరిస్తే మసి సులభంగా వదులుతుంది. సైటును సున్నాకు తిప్పకుండా అలాగే పెట్టెలో పెట్టేవారున్నారు. మరునాడు వేరొక దూరంలో పోటీ ఉన్నప్పుడు, పైన చెప్పిన ఇరవై అడుగుల పొరపాటు మొదలయ్యేది అక్కడే.